దర్జీ గారి గదిలో దారి తప్పిన రైలు

ముప్పై ఏళ్లుగా జనం భుజాలూ నడుములూ కొలిచి బతికిన దర్జీకి యాభై దాటాక శబ్దం పిచ్చి పట్టింది. అదీ మామూలుగా పట్టలేదు. కుట్టుమిషన్ పక్కనున్న కంప్యూటర్ చుట్టూ నాలుగు స్పీకర్లు చేరాయి, ముందు రెండు, వెనక రెండు. మధ్యలో కుర్చీ. అందులో కూర్చున్న మనిషి తలకి నాలుగూ సమాన దూరంలో ఉంటేనే ఏ చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలుస్తుందట! మెడలోని టేపు తీసి, తన ముక్కు కొన నుంచి ఒక్కో స్పీకర్‌కీ కొలిచి, అర అంగుళం తేడా వచ్చినా జరిపి, నేల మీద సుద్దతో గీతలు గీశాడు. ఊడుస్తూ ఆ గీతలు చెరిపేసిందని ఇల్లాలితో రెండు రోజులు మాట్లాడలేదు మహానుభావుడు.

ఆవిడా ఏం తక్కువ తినలేదు. ఎప్పుడు వినిపించినా ఒకటే మాట: "నాకేం తేడా తెలియట్లేదండీ. మోత మోతలాగే ఉంది."

ఆ ముక్క విన్నప్పుడల్లా ఆయన ప్రాణం ఉసూరుమనేది. చివరికి ఆవిడ తేల్చి చెప్పేసింది.

"ఆదివారం ఇంకొక్కసారి వింటా. అప్పటికీ తెలియకపోతే ఇవన్నీ అటక మీదికే. గుండీలు కుట్టుకోవడానికి నాకు చోటే లేదిక్కడ."

ఆదివారం రానే వచ్చింది. ఆవిడ పొట్టి కదా, రెండు దిండ్లు వేసి మరీ కూర్చోబెట్టి చెవుల్ని సరైన ఎత్తుకు తెచ్చాడు. రైలు వీడియో పెట్టి, చేతులు నలుపుకుంటూ తలుపు దగ్గర నిలబడ్డాడు. తెర మీద రైలు ఎడమ నుంచి కుడికి దూసుకుపోయింది.

ఆవిడ మొహం చిట్లించింది. "ఇదేం చోద్యమండీ! రైలు ఇటు పోతుంటే చప్పుడు అటు పోతోంది?"

దర్జీ పరుగున వెళ్లి తీగలు చూశాడు. ఇంకేముంది! ఇన్నేళ్లూ ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమ చేతినే ఎడమ అని రాసుకున్న బుర్ర కదా, కంప్యూటర్‌ని కూడా కొలతలకొచ్చిన మనిషి కిందే జమకట్టేసింది. దాని ఎడమవైపు, అంటే కుర్చీలో కూర్చున్నవాళ్లకి కుడివైపు, ఎడమ స్పీకర్ పెట్టేశాడు! నాలుగు నెలలుగా రోజూ వింటున్నా ఈ చెవుల వీరుడికి ఆ సంగతి తెలియనేలేదు.

సిగ్గుపడాల్సింది పోయి చిన్నపిల్లాడిలా గంతేశాడు. "నీకు తేడా తెలిసింది! తెలిసిపోయింది!"

"తప్పుగా ఉందని చెప్తుంటే ఆ సంబరమేంటండీ?"

ఆయన కళ్లు తుడుచుకుంటూ తీగలు మార్చడానికి వంగాడు. ఆవిడ మాత్రం కుర్చీ దిగలేదు. కింద దిండు సర్దుకుని, "త్వరగా కానివ్వండి, ఈసారైనా సరిగ్గా పోతుందేమో వినాలి," అంది.