పుస్తెలతాడు, పిక్చర్ ట్యూబు

రాజుపాలెం నుంచి మా వదిన ఆ టీవీని ట్రాలీ ఆటోలో పరుపు మీద ఎక్కించి తెచ్చింది. తను కూడా వెనకే కూర్చుని దారంతా దాని మీద చెయ్యి వేసి పట్టుకుందట. నరసరావుపేటలో మా గుమ్మం ముందు దిగేసరికి జుట్టంతా దుమ్ము, మొహం నిండా ఆదుర్దా. వదిన అంటే మా ఆయనకు అక్క. టీవీ ఆమె భర్త, నాకు అన్నయ్య వరస, కొన్నది. చెక్క పెట్టె, జారే తలుపులు, పొట్టి కాళ్ళు ఉన్న పాతకాలపు బ్లాక్ అండ్ వైట్ సెట్టు. అన్నయ్య పోయాక దాన్ని ఎవరూ పెట్టలేదు. ఇప్పుడు కొడుకు ఇల్లు కొత్తగా కడుతున్నాడు. పనిచేస్తే హాల్లో ఉంచుతాను, లేకపోతే పాత సామాన్ల బండికి వేస్తానని చెప్పేశాడు.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకుని రిటైరయ్యాను. ఇంట్లో మిక్సీ ఆగినా, పక్కింటి వాళ్ళ ఇన్వర్టర్ కూత పెట్టినా నా దగ్గరికే వస్తారు. విసుక్కుంటూనే చేస్తాను. విసుక్కోకుండా చేస్తే నాకు ఒంట్లో బాగాలేదేమోనని మా ఆయన అడుగుతాడు.

ఆ రోజు మొదటి విసుగు ఆయన మీదే. పొలంలో మోటారు దగ్గర ఆయనకో అలవాటు ఉంది. ఫ్యూజు తీసేసి, వైరును చేతి వెనకవైపుతో తాకి చూస్తాడు. షాక్ కొడితే చెయ్యి దానంతటదే విదిలించుకుంటుందని ధీమా. ఇప్పుడు కూడా ప్లగ్గు పీకేశాం గదా అంటూ చెయ్యి తిప్పి టీవీ వెనక్కి పోనిచ్చాడు. చెయ్యి పట్టుకుని లాగేశాను. టీవీ మోటారు కాదు. ప్లగ్గు పీకినా పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు నిలవ ఉంటాయి. ఇన్నేళ్ళు మూలన పడి ఉన్న సెట్టులో ఏమీ మిగలదు, నిజమే. కానీ ఈ రోజు ఒక్కసారి ఆన్ చేశామంటే మళ్ళీ నిండుతుంది, ప్లగ్గు పీకినా పోదు. ఇంత చెప్పినా తల ఊపే తీరు నచ్చక, మిరప చేలో పని గుర్తు చేసి పంపించేశాను.

వదినని మాత్రం పంపలేకపోయాను. టార్చి పడతానని స్టూలు వేసుకుని కూర్చుంది.

రబ్బరు చెప్పులు తొడుక్కున్నాను, కళ్ళద్దాలు పెట్టుకున్నాను, ఉంగరం తీశాను. బంగారు గాజులు తీస్తుంటే వదిన మొహం మాడిపోయింది. బోసి చేతులతో పని మొదలుపెట్టొద్దంది. మట్టిగాజులతో ప్రమాదం లేదు కాబట్టి, ఆ మాట కాదనలేక అవి వేసుకున్నాను. తర్వాత నా చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది.

"దాని జోలికి పోమాక," అంది వదిన. "నా వస్తువు కోసం నీ మెడ బోసి చేసుకుంటావా?"

ల్యాబులో గొలుసు వేలాడేసుకుని వచ్చిన ఏ ఆడపిల్లనూ నేను బల్ల దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు. ఆ మాటే చెప్పబోయాను. కానీ వదిన కళ్ళు చూశాను. బంగారు పుస్తెలతాడు జాకెట్టులోకి దోపుకున్నాను.

వెనక చెక్క విప్పితే లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము, చచ్చిన బల్లి ఒకటి. బ్రష్షుతో దులిపి, ఉబ్బిపోయిన కెపాసిటర్లు పీకి కొత్తవి అతికించాను. పాత సెట్టుని నేరుగా ప్లగ్గులో పెడితే కాలి కూర్చుంటుంది. అందుకే మధ్యలో ఒక బల్బు కలిపి సీరీస్‌లో కరెంటిచ్చాను. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే ఆ బల్బు భగ్గున వెలిగి అలాగే ఉండిపోతుంది. వెలిగింది. ఊపిరి బిగపట్టి చూశాను. మెల్లగా మసకబారింది. లోపల గాజు వాల్వులు ఎర్రబడ్డాయి. కాసేపటికి తెర మధ్యలో అడ్డంగా ఒక తెల్లగీత కనిపించింది. అంతే. పైకీ కిందికీ విచ్చుకోలేదు.

"వచ్చింది గదే," అంది వదిన.

రాలేదని చెప్పి ప్లగ్గు పీకేశాను. అసలు భయం ఇప్పుడు మొదలైంది. గీతను బొమ్మగా విప్పాలంటే మళ్ళీ లోపల చెయ్యి పెట్టాలి. పెట్టాలంటే ముందు ట్యూబులో నిలవున్నది దించెయ్యాలి. ట్యూబు పక్కన రబ్బరు టోపీ ఉంటుంది. దాని కిందకు స్క్రూడ్రైవరు కొన దూర్చాలి. స్క్రూడ్రైవరుకు కట్టిన వైరు రెండో కొసను ట్యూబు చుట్టూ ఉండే ఎర్తు తీగకు ముందే తగిలించాలి. పని ఒంటిచేత్తోనే చెయ్యాలి. రెండు చేతులూ లోపల ఉంటే కరెంటు గుండె మీదుగా పోతుంది. రెండో చెయ్యి జేబులో పెట్టుకోమని మగపిల్లలకు చెప్పేదాన్ని. చీరకు జేబేది? ఎడమ చేతిని కొంగులో చుట్టి నడుము దగ్గర దోపుకున్నాను.

వైరు తగిలించి వంగాను. నా చూపంతా రబ్బరు టోపీ మీదే ఉంది. స్క్రూడ్రైవరు కొన దాని అంచుకు చేరబోతోంది.

"కదలమాక."

వదిన అరవలేదు. అంత మెల్లగా అన్నదానికే ఉన్నచోటే ఆగిపోయాను. టార్చి వెలుగు నా చేతి మీద నుంచి నా మెడ కిందకు జరిగింది. జాకెట్టులోంచి జారిన పుస్తెలతాడు టీవీ లోపలి ఇనుప చట్రం మీద, వేలెడు ఎత్తున ఊగుతోంది. అది అటు తగిలి, స్క్రూడ్రైవరు ఇటు జారితే కరెంటు నా మెడలోంచే దారి చూసుకుంటుంది. ఊపిరి తీస్తే గొలుసు ఊగుతుందని ఊపిరి కూడా ఆపుకున్నాను. మెల్లగా చెయ్యి వెనక్కి తీసి, మెల్లగా నిలబడ్డాను. నాకు చచ్చేంత భయం వేసింది.

"తాడు తీసెయ్," అంది వదిన.

నేను సరిగా విన్నానో లేదో అని చూశాను.

"తీసెయ్యే. ఆయన పోయిన రోజున నా మెడలోది నన్ను అడక్కుండానే తీశారు. నువ్వు నీ చేత్తో తీసి, నీ చేత్తో వేసుకో. నీ మెడలో అది ఉండాలంటే ముందు నువ్వుండాలి గదా."

తీసి వదిన చేతిలో పెట్టబోతే వెనక్కి జరిగింది. అన్నయ్య పోయినప్పటి నుంచి పెళ్ళిళ్ళలో వెనక గోడ దగ్గరే నిలబడేది, ఎవరి పసుపు కుంకుమల్నీ తాకేది కాదు. దేవుడి గూట్లో పెట్టమంది. దేవుడి గూటి దాకా నడిచే ఓపిక నాకు లేదని కసిరాను. ఓపిక ఉంది. ఆమె అలా వెనక్కి జరగడమే నాకు కోపం తెప్పించింది. వదిన కొంగు పరిచింది. వేళ్ళకు తగలకుండా దాన్ని అందులో మూటగట్టి ఒళ్ళో పెట్టుకుంది.

మళ్ళీ వంగాను. కొన రబ్బరు కిందకు దూరగానే టప్పుమని నీలంగా మెరిసింది. టార్చి ఒక్కసారి ఎగిరి మళ్ళీ నిలబడింది. ఒకసారితో వదలకూడదు, మిగిలింది మళ్ళీ కూడుకుంటుంది. కాసేపు ఆగి మళ్ళీ తాకించాను, చిటుక్కుమంది. ఇంకోసారి తాకిస్తే చప్పుడు లేదు. కరెంటు నిలవుండే కెపాసిటర్లను కూడా ఖాళీ చేశాక వెతికితే, బొమ్మను నిలువుగా విప్పే వాల్వు కింద ఒక అతుకు చిట్లి ఉంది. దాన్ని కరిగించి అతికించాను. వెనక చెక్క బిగించి, మళ్ళీ బల్బు ద్వారానే కరెంటిచ్చాను.

గీత విచ్చుకుంది. తెర నిండా తెల్ల చుక్కలు, రవ్వ జల్లిస్తున్నట్టు. అన్నయ్య నాటి యాంటెన్నా ప్రసారాలు ఇప్పుడు లేవు, మధ్యలో ఒక సెట్‌టాప్ పెట్టె కలిపితేగానీ బొమ్మ రాదని చెప్పాను. వదిన వినలేదు. ఆ చుక్కల్ని చూస్తూ, తలుపులు రెండూ పూర్తిగా తెరవమంది. ఆయన అలాగే తెరిచేవాడట.

చాలాసేపటికి నా మెడ గుర్తొచ్చింది. తాడు కోసం చెయ్యి చాపాను. వదిన మూట విప్పింది గానీ నాకివ్వలేదు. ఒట్టి వేళ్ళతో దాన్ని పైకి తీసింది. నా చేత్తోనే వేసుకోమన్న సంగతి గుర్తు చెయ్యకుండా తల వంచాను. నా వెనక్కి వచ్చి నిలబడింది. ఆమె వేళ్ళు నా మెడ మీద కొక్కెం వెతుకుతున్నాయి.

"కదలమాక," అంది.

నేను కదల్లేదు.