ఇనుము దించి రమ్మన్న మాస్టారు

మాస్టారు పోయారని పొద్దున్నే బాపట్ల నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. కిందటి వారమే కదండీ, మాస్టారు పనిచేసిన కాలేజీ ల్యాబులోనే తనకు ఉద్యోగం వచ్చిందని తెనాలి వెళ్లి ఆయన చేతిలో స్వీట్ల పెట్టె పెట్టాం! సంతోషం పట్టలేక నేను "మా అమ్మాయి, మా అమ్మాయి" అంటుంటే, "మీ అమ్మాయి ఏంటండీ, ఇక మా మేడమ్" అని నవ్వారు.

నేను ఐదో తరగతితో ఆపినవాణ్ణి. పెనుమూడి దగ్గర, కృష్ణ ఒడ్డున అరటి తోట నా బతుకు. అలాంటివాడి చేలోకి కాలేజీ మాస్టారు చెప్పులు చేత్తో పట్టుకుని ఎందుకు దిగారో మీకు చెప్పాలి.

ఆ ఏడు వరద తీసేసరికి చేను చేనులా లేదు. అంతా ఇసుక మేట. బోరు ఆనవాలే లేదు. ఇంజను ముందే ఇంటికి చేర్చాం గానీ, ఇనప పైపు ఇసుక కింద ఎక్కడుందో తెలియదు. కొత్త బోరు వేయించే తాహతు లేదు. పాతది దొరక్కపోతే ఆ ఏడు పిలక నాటేది లేదు.

అమ్మాయి అప్పుడు బాపట్లలో చదువుతోంది. రేపల్లెలో బండెక్కి తెనాలిలో మారేది. ఆ కాలేజీలోనే పాఠం చెప్పే మాస్టారూ అక్కడే ఎక్కేవారు. కిటికీ పక్క సీటు ఎప్పుడూ పిల్లలకే వదిలేవారట. ఒకరోజు బండిలో బోరు సంగతి చెబితే, "ఇనుమే కదమ్మా, చుట్టూ ఉన్న అయస్కాంత బలాన్ని అది కదిలించకుండా ఉండదు. కొలుద్దాం" అన్నారట.

ఇద్దరూ కలిసి అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డు, అయస్కాంత బలాన్ని కొలిచే ఒక సెన్సారు, అంకెలు పడే చిన్న తెర వెదురు కర్రకు బిగించుకుని ఆదివారం చేనుకొచ్చారు.

"కర్ర తిప్పకు తల్లీ, ఒకే వైపు పెట్టి నడువు. భూమి కూడా అయస్కాంతమే. తిప్పావంటే దాని గోలే వినబడుతుంది, మన పైపు మాట వినబడదు" అన్నారు మాస్టారు.

అమ్మాయి నడవడం, తెర మీద అంకె గెంతిన చోటల్లా నేను తవ్వడం. ఇసుకే. మళ్లీ ఇసుకే. పక్క చేను బావ కరకట్ట మీద కూర్చుని, "ఏంటి బావా, పైపు కోసమా, పీతల కోసమా?" అని కేక. అమ్మాయికి కళ్లనీళ్లు తిరిగాయి. "నా సర్క్యూటే తప్పేమో సార్. వదిలేద్దామండి" అంది.

మాస్టారు తెర వంక చూడలేదు. నా వంక చూశారు.

"అన్నయ్యగారూ, ఇనుము దొరికిందండి."

"ఎక్కడండీ?"

"మీ భుజం మీద."

పార! చేలోకి పార లేకుండా దిగితే నాకు చెయ్యి లేనట్టుంటుంది. పిల్ల వెనకే పార వేసుకుని తిరుగుతున్నాను, నేను దగ్గరైనప్పుడల్లా అంకె గెంతుతోంది! "అంకె అబద్ధం చెప్పలేదమ్మా, అది ఎవరి సంగతి చెబుతోందో మనమే చూసుకోలేదు" అని, "ఇనుమంతా దించి రండి" అన్నారు. నా పార, మొలతాడుకున్న తాళంచెవి, అమ్మాయి పిన్నీసులు అన్నీ కట్ట మీదికి చేరాయి. ఆయన తన గొడుగు కూడా అక్కడే పెట్టి, జేబురుమాలు నెత్తిన వేసుకున్నారు. "ఎండండీ" అంటే, "దీనివీ ఇనప ఊచలే కదండీ. మాస్టారిదని సెన్సారు ఊరుకుంటుందా?" అన్నారు.

ఈసారి అంకె చాలాసేపు కదలకుండా ఉంది. ఉండి ఉండి ఒకచోట ఎగిరింది. అమ్మాయి వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. అక్కడే ఎగిరింది. పార తెచ్చి తవ్వితే నడుం లోతున ఖంగుమంది. ఏడ్చానో, నవ్వానో, మాస్టారిని పట్టుకుని ఊపేశానండీ! ఆయన మాత్రం పైపు మాటే ఎత్తలేదు. "సర్క్యూట్ తప్పు కాదు, చూశావా" అన్నారు అమ్మాయితో. ఇవాళ మా అమ్మాయి పిల్లలకు పాఠం చెబుతోందంటే, ఆ ఒక్క మాట చలవే.

ఇప్పుడు బోరు ఎదురుగా కనబడుతూనే ఉంటుంది, వెతికే పనేం లేదు. అయినా కట్ట దిగేముందు పార దించేస్తాను. "ఇంకా మాస్టారు చూస్తున్నారా బావా?" అని బావ రోజూ వెక్కిరింత.

ఫోన్ పెట్టేసి, దారిలో బావకు సంగతి చెప్పి, చేనుకే వెళ్లాను. పార కట్ట మీద పెట్టి, వట్టి చేతులతో బోరు దాకా నడిచి ఇంజను తిప్పాను. నీళ్లు దూకాయి. దోసిలి పట్టి చాలాసేపు అలాగే నిలబడ్డాను. వెనక్కి తిరిగితే, కట్ట మీద నా పార పక్కన ఇంకో పార ఉంది. బావ వట్టి చేతులతో చేలోకి దిగి వస్తున్నాడు.