ఆకుల కుప్పలో నవ్వు

ఆర్విడ్ బ్రెక్కే బతికుండగా ఆ వీధిలో ఎవరూ ఆకులు సంచుల్లో కట్టి రోడ్డు పక్కన పెట్టడానికి వీల్లేదు. విస్కాన్సిన్‌లోని ఆ చిన్న ఊళ్ళో అక్టోబరు వస్తే మేపుల్ చెట్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే రాలుతాయి. జనం ఆకుల్ని పోగుచేసి సంచుల్లో కుక్కుతుంటే ఆయనకు ఒళ్ళు మండిపోయేది.

"నేల తిండిని మూటగట్టి చెత్తబండికి ఇస్తారేమిటయ్యా? మతులుండే చేస్తున్నారా?" అంటూ గడ్డి కోసే తన ఎర్ర మిషనెక్కి వచ్చేసేవాడు. కూర్చుని నడిపే మిషన్ అది. కింద బ్లేడు ఆకుల్ని తిప్పి తిప్పి నలగ్గొట్టి, పొడి చేసి గడ్డి సందుల్లోకే రాల్చేస్తుంది. మంచు పడేలోగా ఆ పొడి నేలలో దిగిందంటే వసంతంలో వేరే ఎరువు అక్కర్లేదు. పిలిస్తే వచ్చి చేసేవాడు, పిలవకపోయినా వచ్చి చేసేవాడు. వద్దన్నవాళ్ళ పెరడైతే ముందు చేసేవాడు.

డెబ్భై దాటాయి ఆయనకు. వయసులో ఉన్నదంతా చీజ్ ఫ్యాక్టరీలోనే గడిచింది. అక్కడ పాల తొట్ల మధ్య, డబ్బాలు కొట్టే యంత్రాల మధ్య మనిషి మాట మనిషికి వినపడదు. ఆ రొద ఆయన చెవుల్ని కొద్దికొద్దిగా తినేసింది. ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత ఫోను మోత పోయింది. పోయిన వసంతంలో చిన్నపిల్లల గొంతులు కూడా పోయాయి. ఈ సంగతి మూడో కంటికి తెలియనివ్వలేదు. భార్య వెర్నాకు కూడా.

వెర్నాకు అనుమానం రాలేదంటే నమ్మాలి. "నేను చెప్పేది నీకు ఎప్పుడు చెవికెక్కింది గనక? పెళ్ళైన నాటి నుంచీ ఇదే వరస" అనేది. మొగుళ్ళందరికీ ఉండే జబ్బే అనుకుంది.

పైగా ఆర్విడ్ ఒక ఉపాయం కనిపెట్టాడు. మిషన్ మోతకు చెవులకు పెట్టుకునే పెద్ద మూతలుంటాయి కదా, వాటిని పొద్దస్తమానం తగిలించుకుని తిరిగేవాడు. చెవులు మూసుకున్నవాడితో ఎవరు మాట్లాడతారు? చెయ్యి ఊపి పోతారు. ఎవరైనా ఆగి మాట్లాడితే, నవ్వి, బొటనవేలు పైకెత్తి గంగిరెద్దులా తలాడించేవాడు. ఆ ఊళ్ళో సగం మాటలకు అంతకు మించిన జవాబు ఎవరూ ఆశించరు కూడా.

ఎందుకింత దాపరికం అంటే, ఆయన అన్న నారిస్ గతి చూశాడు. చూపు మందగించిందని పిల్లలు నారిస్ దగ్గర కారు తాళాలు తీసుకున్నారు, ఆపైన ట్రాక్టరు తాళాలూ తీసుకున్నారు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక్క చలికాలం గడిచేసరికి ఆ కుర్చీ ఖాళీ అయింది. మిషన్ తాళంచెవి చేజారితే తన గతీ అంతేనని ఆర్విడ్‌కు భయం.

అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. అది తలచుకుంటే ఆయనకు నిద్ర పట్టేది కాదు.

ఆ వీధి పిల్లలకు ఆయనతో ఓ ఆట ఉండేది. ఆకుల్ని పెద్ద కుప్ప పోసి, అందులో దూరి, మీద ఆకులు కప్పుకుని నక్కేవాళ్ళు. ఆర్విడ్ మిషన్ మీద వచ్చి కుప్పకు దూరంగా ఆపి, చెవిమూత కాస్త ఎత్తి వినేవాడు. లోపల్నుంచి కిసుక్కున నవ్వు వినపడేది. ఏ పిల్లకూ ఆ నవ్వు ఆపుకోవడం ఇంతవరకు చేతకాలేదు. అప్పుడు ఆయన "అయ్యబాబోయ్, ఎలుగుబంటి!" అని గావుకేక పెట్టేవాడు. పిల్లలు ఆకులు చిమ్ముకుంటూ బయటికి దూకేవాళ్ళు. కుప్పలో ఎవరైనా ఉన్నారో లేరో ఆయనకు తెలిసేది ఆ నవ్వుతోనే. ఇప్పుడు ఆ నవ్వు వినపడదు.

అందుకే ఈ ఏడు తనకు తానే ఒట్టు పెట్టుకున్నాడు. ప్రతి కుప్ప దగ్గరా దిగాలి. కాళ్ళతో చిమ్మి పలచగా పరవాలి. ఆ తర్వాతే మిషన్ తోలాలి. ఎలాగూ కుప్ప మీద తోలితే బ్లేడు బిగుసుకుపోతుంది కాబట్టి, దిగి చిమ్మినా ఎవరికీ అనుమానం రాదు. ఆ శనివారం దాకా ఒట్టు తప్పలేదు.

ఆ శనివారం పడమట మబ్బు పట్టింది. ఆకు తడిసిందంటే పొడి కాదు, ముద్ద కట్టి గడ్డిని చంపుతుంది. ఆర్విడ్ హడావుడిగా పక్కింటి కెండ్రా పెరట్లోకి తోలాడు. కెండ్రా కూతురు టిల్లీకి ఐదేళ్ళు. లేళ్ళ వేట రోజులు దగ్గరపడ్డాయని, వేటగాళ్ళ కంటికి ఆనాలని తల్లి ఆ పిల్ల నెత్తిన నారింజరంగు ఉన్నిటోపీ పెట్టింది. ఎవరో వాడి వదిలేసిన పాత టోపీ. ఉతికి ఉతికి రంగు వెలిసి, అచ్చం మేపుల్ ఆకు రంగుకు దిగింది. అడవిలో మాటేమో గానీ, ఆ పెరట్లో అంతకంటే కంటికి ఆనని టోపీ ఇంకోటి లేదు.

కెండ్రా వరండాలోకి వచ్చి ఏదో చెప్పింది, పెరటి వైపు చెయ్యి చూపించింది, నవ్వింది. ఆర్విడ్ కూడా నవ్వాడు. బొటనవేలు పైకెత్తి, తలాడించాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

అంచుల నుంచి చుట్లు చుట్టుకుంటూ వచ్చాడు. ఆకు బాగా నలుగుతోంది. నడుమ పెద్ద చెట్టు మొదట్లో కుప్ప మిగిలింది. దిగాలి. మోకాళ్ళు రాత్రి నుంచీ సలుపుతున్నాయి. ముక్కు మీద ఒక చినుకు పడింది. కుప్ప కేసి కళ్ళు చిట్లించి చూశాడు. కదల్లేదు. పిల్లలుంటే తల్లి చెప్పేది కాదూ, అనుకున్నాడు. అంచు మాత్రం తీసుకుందాం, అనుకున్నాడు. మిషన్‌ను కుప్ప అంచులోకి పోనిచ్చాడు. ఏదో చిక్కుకున్నట్టు బ్లేడు ఓసారి గునిసి, మళ్ళీ అందుకుంది.

పొడి ఎలా పడిందో వెనక్కి తిరిగి చూడటం ఆయనకు అలవాటు. చూశాడు. ఆకుల పొడిలో నారింజరంగు పీలికలు కనిపించాయి. వాటికి దారాలు వేలాడుతున్నాయి. ఆకులకు దారాలుండవు.

పైప్రాణాలు పైనే పోయాయి. సీటు మీంచి లేచాడు. మనిషి లేస్తే ఆ మిషన్ దానంతటదే ఆగుతుంది. ఆగిందో లేదో కూడా ఆయనకు తెలియలేదు. అడుగున చూడాలి. చూడలేకపోయాడు. మోకాళ్ళ మీద పడి కుప్పలోకి రెండు చేతులూ దూర్చి తవ్వాడు. ఆకులు. ఇంకా ఆకులు. ఒక చిన్న చెయ్యి తగులుతుందని ఆశ, తగులుతుందనే భయం. "టిల్లీ! టిల్లీ!" అని అరుస్తున్నాడు. తన గొంతు తన పుర్రెలోనే ఎక్కడో దూరంగా మోగుతోంది. జవాబు వచ్చినా తనకు వినపడదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ క్షణం ఆయన పడ్డ భయం పగవాడికి కూడా వద్దు.

తల ఎత్తేసరికి కెండ్రా పరుగెత్తుకొస్తోంది. నోరు బార్లా తెరిచి ఉంది. చప్పుడు లేదు. అవతల కంచె పక్కనుంచి వెర్నా వస్తోంది, వంటింటి చేతితొడుగు ఇంకా చేతికే ఉంది. వెర్నా ఆయన భుజం పట్టి గుంజి, కట్టెల కొట్టం వైపు వేలు చూపించింది.

కొట్టం మూల టిల్లీ నిలబడి ఉంది. నెత్తిన టోపీ లేదు. జుట్టు నిండా ఆకులు. రెండు కాళ్ళూ, రెండు చేతులూ అన్నీ ఉన్నాయి. ఆర్విడ్ ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. అక్కడే చతికిలబడ్డాడు. కెండ్రా పిల్లను ఎత్తుకుని గుండెకు అదుముకుంది. ఆ భుజం మీంచే టిల్లీ ఆర్విడ్‌ను చూస్తూ, ఏడుస్తూ, కోపంగా ఏదో అంటోంది.

"ఏమంటోంది?" అన్నాడు.

"ఎదురుగానే ఉందిగా, విను" అంది వెర్నా.

ఆర్విడ్ ఆమె పెదవుల వంక చూస్తూ ఉండిపోయాడు. వెర్నా మిషన్ వంక చూసింది. ఆగిపోయి ఉంది. వంగి ఆయన చెవిమూతలు తనే తీసేసింది.

"ఇప్పుడు వినపడుతోందా, ఆర్విడ్?"

ఆయన ఇంకా పెదవులే చూస్తున్నాడు. ఎన్నాళ్ళ సంగతులో ఒక్కసారి వెర్నాకు అర్థమైపోయాయి. తిట్టలేదు. పక్కన కూలబడి, ఆయన చెవికి నోరు ఆనించి, పిల్ల అన్న ప్రతి మాటా గట్టిగా అప్పజెప్పింది.

"నవ్విందంట. నువ్వు ఆగలేదంట. 'తాతా, నేనిక్కడున్నా' అని పిలిచిందంట. నువ్వు ఇంకా దగ్గరికొచ్చావంట. భయమేసి వెనక నుంచి పాకి పారిపోయిందంట. టోపీ ఊడిపోయిందంట."

కెండ్రా కూడా ఏదో అంది. వెర్నా అదీ ఆయన చెవిలో చెప్పింది. "'పిల్ల కుప్పలో దాక్కుంది, మీ కోసం చూస్తోంది' అని నీతో చెప్పిందంట. నువ్వు సరేనన్నావంట."

ఆర్విడ్ తలాడించాడు. ఈసారి నిజంగానే విని తలాడించాడు. లేచి, మిషన్ తాళంచెవి పీకి, ఎవరూ అడక్కముందే వెర్నా చేతిలో పెట్టాడు. వాన మొదలైంది. సగం కుప్ప తడుస్తోంది.

"ఎన్నిసార్లు పిలిచిందో అడుగు" అన్నాడు.

"వద్దులే. ఇంటికి పోదాం పద" అని వెర్నా ఆయన చెవి దగ్గరే అంది.

"అడుగు, వెర్నా."

వెర్నా అడిగింది. తల్లి భుజం మీంచి టిల్లీ తల ఎత్తి కాసేపు ఆలోచించింది. రెండు చేతులూ ముందుకు చాపి, పది వేళ్ళూ విప్పి ఆయనకు చూపించింది. అవి చాల్లేదు కాబోలు, మడిచి మళ్ళీ విప్పింది.