జగన్నాధం మావ ఇంటి జాగా

జగన్నాధం మావ లిఫ్టు ముందు చెప్పులు విడిచి ఎక్కేవాడు. శ్రీకాకుళం శివార్లలో మా ఊరిని ఆనుకుని మొదటి అపార్ట్‌మెంటు లేచిన కొత్తలో మాట. ఐదో అంతస్తులో గేదెపాలు పోసి దిగివచ్చి, చెప్పులు తొడుక్కుని, మూసుకున్న తలుపులకి ఇంకోసారి దణ్ణం పెట్టేవాడు.

"పెట్టెలో నిలబడితే ఆకాశంలో దింపుతాది. దీనికి మొక్కకపోతే ఇంకెవులికి మొక్కుతాంరా మోహనా?" అనేవాడు నాతో.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పొలాలు పోయి ఇళ్లు వస్తున్నాయని మిగతా రైతులంతా ముక్కు చీదుతుంటే, ఈయనొక్కడే కాంక్రీటు పోసేచోట గట్టు మీద కూర్చుని నోరు తెరుచుకుని చూసేవాడు. వీధి దీపాలు వెలిగిన సాయంత్రం చప్పట్లు కొట్టాడు. కరెంటాఫీసులో పనిచేసే నాకే ఆ దీపాల మీద అంత ప్రేమ లేదు. వరసకి మావ కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే గట్టిగా కసిరేవాణ్ణి.

ఆయన పొలం కాలువ మదుము పక్కనే. మదుము తలుపు ఎత్తితే నీళ్లు ముందు పడేది ఆయన మడిలోనే. దిగువ పొలాలకి వేరే కాలువంటూ లేదు. ఆయన మడి నిండితే గట్టుకి కొట్టిన గండిలోంచి కింది మడికి, అక్కణ్ణుంచి ఇంకా కిందికి, అలా మడిమడికీ పారాల్సిందే. అయితే మా ఊళ్లో ఒక కట్టుబాటుంది. ఆఖరి మడి తడిసేదాకా మొదటి మడివాడు నాటు వెయ్యకూడదు. ఎవరు పెట్టారో తెలీదు, ఎక్కడా రాసి లేదు. ఆఖరి మడి కృపానిధిది. నీళ్లు అందగానే ఆయన గట్టెక్కి ఎర్ర తువ్వాలు ఊపేవాడు. అది కనపడ్డాకే జగన్నాధం మావ పంచె ఎగ్గట్టి, నారుకట్ట పట్టుకుని మడిలోకి దిగేవాడు. ఏటేటా అంతే.

తర్వాత కొత్త మాస్టర్‌ప్లాన్ వచ్చింది. పంచాయతీ ఆఫీసు గోడకి మ్యాపు అంటించారు. ఇళ్లకి పసుపు రంగు, సాగుకి ఆకుపచ్చ. మావ పొలం దిగువ గట్టు దాకా పసుపు. ఆ గట్టు దిగితే అంతా ఆకుపచ్చే. అభ్యంతరాలుంటే చెప్పుకోండన్నారు. ఒక్కరూ చెప్పలేదు.

"మనది పచ్చగానే ఉన్నాది బావా, ఇంకేటి బెంగ?" అని మావతో అనేసి కృపానిధి నవ్వుకుంటూ ఇంటికి పోయాడు. నీళ్లు ఏ దారిన వస్తాయో ఆ మ్యాపులో లేదు. లేదన్న సంగతి మాలో ఎవరికీ తోచనే లేదు. కాలువ ఉంటే కదా, అది పోతుందని భయపడ్డానికి!

మావ సంబరంగా పొలాన్ని లేఅవుట్ వేసే గిరిబాబుకి ఇచ్చాడు. వాటాకి వచ్చిన జాగాలు కూతుళ్లకి పంచేసి, చివరి వరసలో ఒకటి తనకి ఉంచుకున్నాడు. దాని పక్కది నేను కొని ఇల్లు కట్టుకున్నాను. మావ తన జాగాలో ముగ్గుతో గీతలు గీసి, ఈశ్వరత్తని చెయ్యి పట్టుకుని తిప్పాడు. "ఇది హాలు. ఇది నీ వంటిల్లు. ఇక్కణ్ణుంచి మేడమెట్లు." అత్త కూడా లేని గుమ్మం దగ్గర తలొంచి లోపలికి వెళ్లింది. మధ్యాహ్నాలు మావ ఆ గీతల మధ్య తుండు పరుచుకుని పడుకునేవాడు. అది పడగ్గదట!

వానాకాలం వచ్చింది. మదుము ఎత్తారు. నీళ్లు లేఅవుట్ కోసం పోసిన గ్రావెల్ మెరక దాకా వచ్చి, దారి లేక మళ్లి, ఎటో పల్లానికి పోయాయి. ఎర్ర తువ్వాలు లేవలేదు. కృపానిధే నడిచి వచ్చాడు. తిట్టలేదు.

"నారు ముదిరిపోతన్నాది బావా," అన్నాడంతే.

మావ తిన్నగా గిరిబాబు దగ్గరికి పోయాడు. గిరిబాబు చెడ్డవాడేం కాదు.

"రోడ్డు పక్కనుంచి కాలువ తీయిస్తాను బాబాయ్. కానీ చివరి వరస అడ్డంగా ఉంది. అన్నీ అమ్ముడైపోయాయి. ఎవరి జాగాలోంచి దింపమంటావు?"

అమ్ముడవనిది ఒక్కటే ఉంది.

ఆ సాయంత్రం ఈశ్వరత్త గొంతు మా వీధంతా వినపడింది. "ఏటీ? ఇల్లు నీటికి ఇచ్చేత్తావా? లిఫ్టు కాడ సెప్పులిడిసినోడివి, ఇక్కడ ఇల్లే ఇడిసేత్తావా? నాను ఇంకా ఆ పాత కొంపలోనే ఉండాలా?"

"ఆఖరి మడి తడవకుండా నాను ఇల్లెలాగ కట్టుకుంతానే?" అన్నాడు మావ. అత్త ఏడ్చింది. ఆవిడ ఏడుపు న్యాయమే.

పొక్లెయిన్ వచ్చి ముందు వంటిల్లు తవ్వింది. నా గోడకి చెమ్మెక్కుతుందని నేను అరిచాను. "నీళ్లు నీకు పక్కింటోళ్లురా, అదృష్టవంతుడివి," అన్నాడు మావ.

నీళ్లు వదిలిన పొద్దున కాలనీ అంతా బాల్కనీల్లోకి వచ్చింది. ఎవరూ పిలవకుండానే ఈశ్వరత్త కొత్త గిన్నె, తమ గేదెపాలు తెచ్చింది. గుమ్మం రావాల్సిన చోట, కాలువ ఒడ్డున ఇటుకలు పెట్టి పొయ్యి రాజేసింది.

"ఇంట్లోకి ఎవులొచ్చినా పాలు పొంగించాలి కదేటి," అంది, ఎవరినీ చూడకుండా.

పాలు పొంగేసరికి నీళ్లు వచ్చాయి. ఎర్రగా, నురుగుతో, గడ్డీ గాదం నెట్టుకుంటూ గుమ్మం దాటి, హాలు దాటి, పడగ్గది దాటి పోయాయి. మావ చెప్పులు విడిచి చేతులు జోడించాడు. ఆ జాగాలో ఎంత పెద్ద మేడ లేచినా నేనంత అబ్బురపడి ఉండేవాణ్ణి కాదు.

తర్వాత మావ మా డాబా ఎక్కాడు. కింద ఒక్కో మడీ నిండి మెరుస్తోంది. ఒకటి మెరిసాక దాని కిందది.

"ఇన్నేళ్లూ గట్టు మీంచే సూసినాన్రా. ఎంత దూరం ఎల్తాదిరా మోహనా ఇది!" అన్నాడు.

చాలాసేపటికి దూరంగా ఎర్ర తువ్వాలు లేచింది.

మావ ఒక్కసారిగా పంచె ఎగ్గట్టి గబగబా మెట్లు దిగాడు. కాలువ ఒడ్డుకి వచ్చి, ఏటేటా అలవాటైన పద్ధతిలో నారుకట్ట కోసం చెయ్యి చాచి, ఆగిపోయాడు. నాటడానికి అక్కడ మడి లేదు.

ఈశ్వరత్త లేచి వచ్చి ఆ చేతిలో పాలగ్లాసు పెట్టింది.