గోడకు ఇవతలి వినీ

కష్టం మనుషుల్ని ఒక్కటి చేస్తుందని పత్రికలవాళ్ళు రాస్తారు. క్లెగ్ వీధికి ఆ సంగతి తెలియదు. ముగ్గురు ఆడపిల్లల్ని చంపి వంటింటి నేలకింద పాతిన సెడ్రిక్ ప్రౌట్‌ని ఉరితీశాక, లాంకషైర్ మిల్లు ఊళ్ళోని ఆ వీధి రెండుగా చీలింది. ప్రౌట్ గురించి చెప్పడానికి కథ ఉన్నవాళ్ళు ఒకవైపు, లేనివాళ్ళు ఒకవైపు.

వినీ హార్గ్రీవ్స్ మొదటి వర్గంలో ఉండాల్సిన మనిషి. ప్రౌట్‌కీ ఆమెకూ మధ్య ఒక్క గోడే అడ్డం. కానీ కోర్టులో ఆమెని అడిగింది ఒకే ప్రశ్న, ప్రౌట్ ఎలాంటివాడని. "నెమ్మదస్తుడేనండీ" అని బోనులోంచి దిగి వచ్చేసింది. ఎదురింటి ఓలివ్ డక్‌వర్త్ మాత్రం ప్రౌట్ తనకిచ్చిన గులాబీ మొక్క గురించి చెప్పి పేపర్లో ఫొటో వేయించుకుంది. ఇద్దరూ ఒకప్పుడు ఒకే మిల్లులో పక్కపక్క మగ్గాల మీద పనిచేశారు. ఆ ఫొటో తర్వాత వినీ ఆమెతో టీ తాగడం మానేసింది.

ఇప్పుడు ఆ కేసు మీద సినిమా తీయడానికి లండన్ నుంచి జనం దిగారు. సినిమాలో ప్రౌట్ పొరుగామె ఇంటి కోసం వినీ ఇల్లు చూసి డైరెక్టర్ రూపర్ట్ పెదవి విరిచాడు. నిరుడే ముచ్చటపడి అతికించుకున్న నారింజరంగు గోడకాగితం పాతకాలానికి పనికిరాదట. ఓలివ్ బద్ధకానికి ఆమె ఇల్లు పాతగానే ఉండిపోయింది. దాన్నే తీసుకున్నారు. పొరుగామె వేషం కట్టే నటి కూడా ఓలివ్ కుర్చీలోనే కూర్చుని, ఓలివ్ యాసే నేర్చుకుంటోంది.

వినీ కిటికీ దగ్గర నిలబడి చూసేది. మగ్గాల హోరులో పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం మిల్లు ఆడవాళ్ళందరికీ అలవాటే. ఎదురింటి కిటికీ అద్దంలోంచి ఓలివ్ పెదవులు స్పష్టంగా చెబుతున్నాయి: "గోడవతలే ఉండేది వినీ. పాపం, దానికేం తెలీదు."

ఆ 'పాపం' వినీ గుండెల్లో ముల్లులా గుచ్చుకుంది.

మధ్యాహ్నం టీ బండి చుట్టూ వీధి వీధంతా చేరింది. ఓలివ్ కథ మళ్ళీ మొదలైంది. "ఆ మొక్క ఇచ్చినప్పుడే నాకు ఒళ్ళు జలదరించింది రూపర్ట్ బాబూ."

"జలదరిస్తే పీకి పారెయ్యలేదేమే? దాని పక్కన నిలబడే కదా ఫొటో దిగావ్!" అంది వినీ.

అందరూ నవ్వారు. ఓలివ్ ముఖం కందిపోయింది. "నువ్వేం చూశావో చెప్పవే, విందాం."

"చూడలేదు. విన్నాను."

రూపర్ట్ చూపు ఓలివ్ మీంచి తొలగి తన మీద ఆగడం వినీ గమనించింది. ఇన్నేళ్ళకు.

"ఆయనింట్లోంచి గోడ మీద కొట్టారు. ఆగి ఆగి, మూడుసార్లు" అంది.

గోడ మీద కొడితే ఆ వీధిలో ఒకటే అర్థం: రేడియో గోల తగ్గించమని. పొరుగువాడి చేత అలా కొట్టించుకోవడం సిగ్గుచేటు.

"మీరేం చేశారు?" అన్నాడు రూపర్ట్.

"సౌండు తగ్గించాను. మళ్ళీ కొట్టారు. ఇంకా తగ్గించాను. చివరికి ఆపేశాను. ఆపాక కూడా కాసేపు కొట్టారు, మెల్లగా."

నవ్వులు ఆగిపోయాయి. ఓలివ్ చేతిలో కప్పు పళ్ళెంలో పెట్టేసింది. "ఎప్పుడే అది, వినీ?"

"చలికాలం."

"ఏ చలికాలం? ఆ పిల్ల జీన్ తప్పిపోయి, మనమందరం కాలవ గట్టున వెతుకుతున్నప్పుడా?"

ప్రౌట్ పగలంతా పనికి పోయేవాడని వీధిలో అందరికీ తెలుసు. రేడియో పెట్టుకునేది పగలేనని వినీకి తెలుసు. రెండూ ఏనాడూ కలిపి చూసుకోలేదు. ఇప్పుడు అందరిముందూ అవి వాటంతటవే కలిశాయి: కొట్టింది ప్రౌట్ కాదు.

"అద్భుతం" అన్నాడు రూపర్ట్. ఆయనకి కథ దొరికింది.

మర్నాటికల్లా వినీ గోడలకి గోధుమరంగు కాగితం ఎక్కింది. లైట్లు ఆమె ఇంట్లోకే వచ్చాయి. నటి ఆమె కుర్చీలోనే కూర్చుంది. కోరుకున్నదంతా గుమ్మం దాటి లోపలికొచ్చింది.

"రేడియో మీట తిప్పేముందు కాస్త తటపటాయించారా? అలా చూపిద్దాం. లేకపోతే జనం ఈమెని అసహ్యించుకుంటారు" అన్నాడు రూపర్ట్.

"లేదు బాబూ. వెంటనే తిప్పాను" అంది వినీ.

ఆయన మొహమాటంగా నవ్వి, ఉన్నదున్నట్టే తీయమన్నాడు. నటి మీట వైపు చెయ్యి చాచింది.

వినీ కిటికీలోంచి బయటికి చూసింది. ఓలివ్ కర్టెన్లు మూసింది. మిట్టమధ్యాహ్నం అలా మూసేది వీధిలోంచి శవం వెళ్ళేటప్పుడే. తర్వాత ఓలివ్ పక్కింట్లో మూశారు. ఆ పక్కింట్లోనూ.