మూడో మలుపు

ఆస్పత్రిలో స్ట్రెచర్ తోసే అతను ర్యాంపు మూడు మలుపులకీ మూడు పేర్లు పెట్టుకున్నాడు. మొదటిది వాలు, అక్కడ బండి పిల్లిలా మెత్తగా నడుస్తుంది. రెండోది దిగుడు, అక్కడ మోకాళ్లు మొరాయిస్తాయి. మూడోది జారుడు. నేల నున్నగా అరిగిపోయిన ఆ చోట చెప్పులు విప్పి, కాలివేళ్లు నేలకి అదిమిపెట్టి, వెనక్కి ఒరిగి బండిని ఆపుకుంటూ దించాలి. ఇవన్నీ రోజూ భోజనం దగ్గర భార్యకి చెప్పే కబుర్లు. రోగులకి మాత్రం మూడూ "చిన్న వాలు, అంతే". అసలు పేరు చెబితే సగం మందికి అక్కడే గుండె జారిపోతుందని అతని నమ్మకం.

ఒకరోజు మళ్లీ లిఫ్టు చెడిపోయింది. ఆపరేషన్ గది కింద ఉంది. స్ట్రెచర్ మీద ఉన్నది అతని భార్య. రెండు మలుపులు ఊపిరి బిగబట్టి దించాడు. మూడోదాని దగ్గర ఆగి, చెప్పులు విడిచి, చెమట పట్టిన అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆమె స్ట్రెచర్ పక్క కమ్మీని రెండు చేతులా పట్టుకుంది.

"చిన్న వాలు, అంతే," అన్నాడు.

"చెప్పులు విప్పిన చప్పుడు వినబడిందిలే," అందామె కళ్లు తెరవకుండానే. "నాక్కూడా అబద్ధమేనా?"

అతను కాలివేళ్లు నేలకి అదిమిపెట్టి వెనక్కి ఒరిగాడు.

"జారుడే. నేను పట్టుకునే ఉన్నా."

"అదీ, అలా చెప్పు," అని ఆమె కమ్మీ వదిలేసింది.