పన్నెండు చుట్టల వరుస

ముడి కనిపిస్తే నా చేయి ఊరుకోదు. పొదటూరుపేటలో మగ్గాల మధ్య పెరిగినదాన్ని. మా ఇళ్లలో జానెడు పోగు కూడా పారేయరు. ముడి విప్పి, ఇంకో పోగుకు మెలిపెట్టి అతికి, అట్టముక్కకు చుట్టి దాచుతారు. ఆ అలవాటు ఒకసారి నా కొంప ముంచబోయింది.

ఉండేది తిరుత్తణిలో. రోజూ రైలెక్కి తిరువళ్ళూరులో దిగి విశ్వవిద్యాలయానికి వెళ్తాను. అక్కడి ఆర్కైవ్స్‌లో పాత కాగితాలు దులిపి, చదును చేసి, జాబితా రాయడం నా ఉద్యోగం. పని నేర్పింది మా సీనియర్ అక్క. కాగితం వాసన చూసి అది ఎప్పుడైనా తడిసిందో లేదో చెప్పేస్తుంది. కొత్తలో నమ్మలేదు. నాది కాస్త నోటిదురుసు, గొప్పలు పోతున్నావని ముఖం మీదే అనేశాను. ఆమె నవ్వి, నాకు ఇంకో పెట్టె అప్పజెప్పింది.

ఒకరోజు అక్క సెలవులో ఉండగా మా ఊరి పెద్దావిడ ఒకరు రేకుపెట్టెతో వచ్చారు. లోపల పన్నెండు కాగితపు చుట్టలు వరుసగా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో రంగు పోగు కట్టి. వాళ్ల నాన్న గళ్ల కాగితం మీద గీసుకున్న చీర కొంగు నమూనా అది. ఆయన నేసిన చీర ఒక్కటీ ఇంట్లో మిగల్లేదట.

"కడపటి పడుగు తెచ్చి పెట్టినాను పాపా. అది అయినాక మగ్గం దించేస్తాం. దానిమీద నాయన కొంగు ఒకతూరి నేయాల. నకలు తీసియ్యండి, కాగితాలు మీరే పెట్టుకోండి. వరుస మాత్రం కలపొద్దు. నాయన నంబర్లు ఏసిండలేదు."

సోమవారం వస్తానని వెళ్లారు.

విప్పే ముందు ఫోటో తీయాలని అక్క నాకు నూరిపోసిన సంగతే. కానీ ముడులు కనిపించాయి. ఎడమ చివరి నుంచి ఒక్కొక్కటీ విప్పుతూ, పోగులు అట్టకు చుట్టుకుంటూ, కాగితాలను బల్లమీద ఖాళీ ఉన్న చోటల్లా పరిచి బరువులు పెట్టేశాను. సాయంత్రం చూస్తే ఏది ముందో ఏది వెనకో తెలియలేదు. అన్నీ ఒకేలాంటి గళ్లు, చుక్కలు. ఏది దేని పక్కన పెట్టినా అతికినట్టే ఉంది.

మర్నాడు అక్క ముందు ఏడ్చేశాను. ఆమె తిట్టలేదు.

"కట్టిన నూలు యాడ పెట్టినావు?"

అట్టముక్క చూపించాను. పన్నెండు రంగులు, కొసకు కొస అతికి.

"విప్పిన వరుసలోనే చుట్టినావా? అప్పుడేమి, వరుస నీ దగ్గరే ఉండాది కదా!"

అక్క ఒక కాగితం తిరగేసి వెలుతురుకు పట్టింది. ఎప్పటి చెమ్మకో పోగు రంగు దిగి, వెనకవైపు సన్నని గీత పడింది. కుంకుమరంగు గీత ఉన్న కాగితం కుంకుమరంగు పోగుది. మధ్యాహ్నానికి పన్నెండూ వరుసకొచ్చాయి. ఆ కళ్లకు దండం పెట్టాలనిపించింది. గొప్పలన్న మాటకు ఆ రోజు క్షమాపణ అడిగాను. ఆమెకు అది గుర్తే లేదు.

సోమవారం పెద్దావిడ కాగితాల మీద ముఖం దాదాపు ఆనించి, వేలితో ఒక్కో గడి తడుముతూ వచ్చారు. ఏడో కాగితం దగ్గర ఆగారు.

"ఇది తలకిందులు పెట్టినారు," అని తిప్పి, ముందుకు సాగారు. చివరిదాకా వెళ్లి కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. "నాయన కొంగే."

అక్క నా తప్పు బయటపెట్టలేదు. నేనే చెప్పేశాను, అట్టముక్క చేతికిచ్చాను. ఆవిడ ఒక అతుకును గోటితో పట్టి లాగి చూశారు. ఊడలేదు.

"ఎవరు నేర్పిచ్చినారు?"

"మా అమ్మ."

ఆవిడ అట్టముక్క తిరిగి నా చేతిలో పెట్టారు. "పడుగు తెచ్చి పెట్టినానే గానీ, దాన్ని మగ్గంమీది పాత పోగులకు ఒక్కోటే అతికేదానికి నాకు చూపు ఆనడంలేదు పాపా. ఊర్లో ఇప్పుడు ఆ పని చేసేవాళ్లు యాడుండారు? నువ్వు వస్తావా?"

పడుగు అతకడానికి రెండు ఆదివారాలు పట్టింది. అక్క కూడా వచ్చి నా పక్కన పీట వేసుకుని, ఒక్కో పోగూ ఏరి నా చేతికి అందించింది.